తీసినవారు లేరు – బొమ్మలున్నవి

సైగాన్ వెళ్ళిన యాత్రికులు తప్పకుండా చూసే స్థలాలు నాలుగైదు ఉన్నవి. బెన్ థాన్ బజారు, ఫ్రెంచివారు కట్టిన ఎర్ర ఇటుకల పెద్ద చర్చి, దాని సరసనే తపాలా కార్యాలయం, 1975 ఏప్రిల్ 30న టాంకులు గేటు విరగ్గొట్టుకొని లోపలికి దూసుకువచ్చిన అధ్యక్ష భవనం - ఇవన్నీ కాలినడకన ఒక్క పూటలో చూడవచ్చు. 1976 నుంచి ఈ ఊరికి హోచిమిన్ నగరమని అధికార నామం. గాని ఊళ్ళోవాళ్ళు మాటల్లో ఇప్పటికీ సైగాన్ అనే అంటారు.

మనవైపునుంచి వెళ్ళినవారికి బజారుకు దగ్గరలోనే ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. వీధి ప్రక్కన గోపురం, గోపురం మీద రంగురంగుల బొమ్మలు, లోపల మారియమ్మ! వ్యాపారం కోసం సముద్రం దాటి వచ్చిన తమిళ నాట్టుకోట్టై చెట్టియార్లు కట్టించిన గుడి అది. చెట్టియార్లు చాలావరకు వెళ్ళిపోయారు. అమ్మవారు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఎక్కువగా వియత్నాంవాళ్ళే గుప్పెళ్ళకొద్దీ అగరువత్తులు వెలిగించి ఆవిడకు మొక్కుకుంటున్నారు. ఒకరు నిలిపినదాన్ని మరొకరు కాపాడటం ఆ ఊళ్ళో క్రొత్తేమీ కాదన్నమాట. ఇంత పెద్ద ఎత్తున అటువంటి సంగతే ఇంకొకటి ఆ ఊళ్ళో ఉన్నది. దాన్ని గురించే ఇప్పుడు చెప్పబోయేది.

అధ్యక్ష భవనం నుంచి చెట్లనీడన కొద్దిదూరం నడిస్తే వో వాన్ తాన్ అనే వీధి వస్తుంది. అందులో 28వ నెంబరు ఆవరణే యుద్ధ అవశేషాల మ్యూజియం. గేటు దాటగానే అమెరికావారు వదలివెళ్ళిన హెలికాప్టరు, టాంకు, యుద్ధవిమానాలు ఎండలో నిలబడి ఉంటాయి. పిల్లలు వాటిముందు నిలబడి ఫోటోలు తీయించుకుంటూ ఉంటారు. లోపలికి వెళ్ళేముందు పిల్లలు నవ్వినంతగా బయటికి వచ్చేటప్పుడు నవ్వరు.

ఈ మ్యూజియం 1975 సెప్టెంబరులో, అంటే యుద్ధం ముగిసిన నాలుగు మాసాలకే తెరిచారు. అంతకుముందు అమెరికా సమాచారశాఖవారుండిన చోటది. అప్పట్లో దానికి పెట్టిన పేరులోనే అమెరికావారి నేరాలూ, వారి కీలుబొమ్మల నేరాలూ అని స్పష్టంగా ఉండేది. 1990లో ఆ పేరు కొంచెం మెత్తబడింది. 1995లో, అమెరికాతో రాయబార సంబంధాలు ఏర్పడిన సంవత్సరం, ఇప్పటి పేరు వచ్చింది. పేరు మారినా మ్యూజియం మాత్రం గెలిచినవారిదే. గోడలమీది వ్యాఖ్యలు వారు చెప్పదలచిన కథే చెబుతాయి. ఇందులో వింత ఏమున్నది? ఏ దేశంలోనైనా యుద్ధం కథ గెలిచినవాడే ముందు చెబుతాడు.

వింత పై అంతస్తులో ఉన్నది. అక్కడి ఒక హాలులో గోడలనిండా ఫోటోలున్నవి. తీసినవారిలో అమెరికన్లున్నారు, ఫ్రెంచివారున్నారు, జపానువారున్నారు. వారి ప్రక్కనే, అదే వరుసలో, ఉత్తర వియత్నాం ఫోటోగ్రాఫర్లున్నారు. ఒకరు తుపాకి వెనకనుంచి తీసినది, మరొకరు అదే తుపాకికి ఎదురుగా నిలబడి తీసినది. వీరందరికీ కలిసిన సంగతి ఒక్కటే. ఇండోచైనా యుద్ధాలలో ఫోటోలు తీస్తూ తీస్తూనే అందరూ చనిపోయినవారు. ఆ హాలుకు ఇంగ్లీషు పేరు “రిక్వియమ్”. క్రైస్తవులు మృతుల ఆత్మశాంతికి జరిపే ప్రార్థనకు ఆ పేరు. వియత్నాం భాషలో “హోయ్ నియెమ్” అన్నారు. గతించినదాన్ని తలుచుకోవడమని దాని అర్థం. మన మాటల్లో చెప్పాలంటే తర్పణం అనవచ్చు.

ఈ తర్పణం విడిచినవారు ఇద్దరు పత్రికా ఫోటోగ్రాఫర్లు. ఒకరు హోర్స్ట్ ఫాస్ అనే జర్మను. 1933లో బెర్లిన్‌లో పుట్టి, 1962లో అసోసియేటెడ్ ప్రెస్ తరపున సైగాన్ వచ్చి, ఆ సంస్థ ఫోటోల విభాగాన్ని ఏళ్ళతరబడి నడిపినవాడు. భారీ మనిషి, కచ్చితమైన మనిషి. రెండవవాడు టిమ్ పేజ్ అనే ఇంగ్లీషువాడు. 1944లో పుట్టాడు. ఇరవై ఏళ్ళు నిండీ నిండకముందే కెమేరా పట్టుకొని యుద్ధంలోకి వచ్చి పడ్డాడు. 1969లో ఒక పేలుడులో తలలోకి ఇనుపముక్క దూసుకుపోయి, చచ్చిపోయాడనుకున్నంత పనై, బ్రతికి బయటపడ్డాడు. ఫాస్‌కు కూడా 1967లో కాళ్ళకు పెద్ద దెబ్బలే తగిలాయి. స్వభావంలో ఒకరికీ మరొకరికీ పొంతన లేదు. ఇద్దరికీ ఉన్న బంధుత్వమల్లా ఒక్కటే - తమతో కలిసి తిరిగినవారు పోయారు, తాము మిగిలారు.

ఇద్దరూ కలిసి చేసిన పుస్తకం 1997లో అచ్చయింది. ఫ్రెంచివారి కాలంనుంచి 1975 వరకు వియత్నాం, లావోస్, కాంబోడియాలలో చనిపోయిన లేక కనబడకుండా పోయిన 135 మంది ఫోటోగ్రాఫర్ల చిత్రాలు అందులో ఉన్నవి. సంపాదకులు పెట్టుకున్న నియమం ఒక్కటే: బ్రతికున్నవారి పనికి ఇందులో తావు లేదు. పులిట్జర్ బహుమతి రెండుసార్లు గెలిచిన ఫాస్ తన బొమ్మలను ప్రక్కన పెట్టాడు. పేజ్ కూడా అంతే. ఏ పక్షంవాడన్న ప్రశ్న మాత్రం లేదు. చనిపోయిన 135 మందిలో సగానికి పైగా ఉత్తర వియత్నాం, విమోచన సేనల పక్షంవారే. వారి పేర్లు అంతకుముందు బయటి ప్రపంచంలో ఎవరూ విననైనా వినలేదు.

ఇంతమంది ఫోటోగ్రాఫర్లే ఎందుకు పోయారు అని అడగవచ్చు. వార్త వ్రాసేవాడు సాయంత్రం శిబిరానికి తిరిగివచ్చినవారిని అడిగి వ్రాసుకోవచ్చు. ఫోటో తీసేవాడికి ఆ వెసులుబాటు లేదు. జరుగుతూ ఉండగా అక్కడ ఉంటేనే ఆ పని. తక్కినవారు తల వంచుకున్నప్పుడు ఇతడు తల ఎత్తాలి. చేతిలో ఉన్నది ఆయుధం కాదు. దానికి తోడు ఆ యుద్ధంలో సరిహద్దు లేదు. హెలికాప్టరులో చోటుంటే ఎక్కి ఎక్కడికైనా పోవచ్చు. తిరిగి రావడం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు.

సైగాన్ నడిబొడ్డున ఈడెన్ అనే భవనంలో అసోసియేటెడ్ ప్రెస్ ఆఫీసు ఉండేది. అరణ్యాలనుంచి వచ్చిన ఫిల్ములు అక్కడ కడిగి, ఎన్నిక చేసి, రేడియో ద్వారా టోకియోకూ అక్కడినుంచి లోకానికీ పంపేవారు. పొట్ట చేతపట్టుకొని వచ్చిన కుర్రవాళ్ళకు ఫాస్ ఫిల్ము ఇచ్చి, తెచ్చిన బొమ్మకింతని సొమ్మిచ్చేవాడు. ఆ ఈడెన్ భవనం ఇప్పుడు లేదు. 2010 ప్రాంతంలో పడగొట్టి, ఆ స్థలంలో పెద్ద అంగడి భవంతి కట్టారు. అద్దాలలో చీరల్లా జిగేలుమనే ఖరీదైన వస్త్రాలు. ఆ గుమ్మంలోనే ఒకప్పుడు మట్టికొట్టుకుపోయిన బూట్లతో, మెడలో మూడేసి కెమేరాలతో మనుషులు దిగేవారని చెబితే నమ్మబుద్ధి కాదు.

ఇహ హాలులోకి వద్దాం.

రాబర్ట్ కాపా పేరు ఫోటోలంటే ఆసక్తి ఉన్నవారు వినే ఉంటారు. హంగరీలో పుట్టి, స్పెయిన్ యుద్ధంతో మొదలుపెట్టి ఐదు యుద్ధాలు చూసినవాడు. 1954 మే 25న ఉత్తర వియత్నాంలో థాయ్ బిన్ ప్రాంతంలో ఫ్రెంచి పటాలంతో నడుస్తూ, మరొక మంచి కోణం కోసం ప్రక్కకు తప్పుకొని మందుపాతర మీద కాలు పెట్టాడు. నలభై ఏళ్ళు. ఆఖరి బొమ్మలలో సిపాయిలు మనకు వీపులు పెట్టి గడ్డిలో నడిచిపోతూ ఉంటారు. ఎండ, పొలం, నిశ్శబ్దం. భయపెట్టేది ఏదీ కనిపించదు. అదే భయం కలిగిస్తుంది.

డిక్కీ షపెల్ అమెరికన్ వనిత. చెవులకు ముత్యాల కమ్మలు, నెత్తిన సిపాయి టోపీ - ఆమెను తెలిసినవారికి అదే గుర్తు. 1965 నవంబరు 4న ఆమె ముందు నడుస్తున్న సిపాయి కాలు ఒక తీగకు తగిలి బాంబు పేలింది. యుద్ధరంగంలో చనిపోయిన మొదటి అమెరికన్ వార్తాహరురాలు ఆమె. కొన ఊపిరితో ఉన్న ఆమె ప్రక్కన పాదరీ వంగి శిలువ గుర్తు వేస్తున్న ఫోటో ఒకటి ప్రసిద్ధం. అది తీసినవాడు ఆన్రీ యుయే. తరువాత ఆరేళ్ళు తిరగకుండానే అతడూ ఈ జాబితాలో చేరాడు.

యుయే తండ్రి ఫ్రెంచివాడు, తల్లి వియత్నాం స్త్రీ. 1927లో వియత్నాంలోని కొండప్రాంతపు పట్టణం దాలాత్‌లో పుట్టాడు. చిన్నప్పుడే ఫ్రాన్సు వెళ్ళి చిత్రలేఖనం నేర్చుకొని, కెమేరాతో తిరిగి పుట్టిన గడ్డకు వచ్చాడు. 1966లో అతడు తీసిన బొమ్మలలో ఒక మిలిటరీ వైద్యుడు కనిపిస్తాడు. తానే గాయపడి, కంటికి కట్టు కట్టుకొని, ఆ కట్టు క్రిందనుంచి ఒక్క కంటితో చూస్తూ ఒడిలోని మరొక సిపాయికి చికిత్స చేస్తున్నాడు. చూసినవారెవరూ ఆ కంటిని మరచిపోలేరు.

జపానువాడైన క్యోయిచి సవాడా తీసిన బొమ్మలో తల్లులూ పిల్లలూ మెడలోతు నీళ్ళలో ఏరు దాటుతున్నారు. ఊరి మీద బాంబులు పడబోతున్నవని పారిపోతున్నవారు. ఆ బొమ్మకు 1966లో పులిట్జర్ బహుమతి వచ్చింది. సవాడా మళ్ళీ ఆ ఊరు వెళ్ళి, ఆ కుటుంబాలను వెతికి పట్టుకొని, ఫోటో ప్రతినీ బహుమతి సొమ్ములో కొంతనూ ఇచ్చి వచ్చాడు. 1970 అక్టోబరులో కాంబోడియాలో అతణ్ణి కాల్చిచంపారు.

బాధలో ఉన్నవాణ్ణి ఆదుకోకుండా ఫోటో తీయడమేమిటి అని మన ఇండ్లలో ఆడవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. సవాడా తిరిగి వెళ్ళడంలో దానికి కొంత జవాబున్నది. ఆ నీళ్ళలో ఉన్నవారిని అతడు మరచిపోలేదు. ఆ బొమ్మ వల్ల లోకం కూడా మరచిపోలేదు. పూర్తి జవాబు మాత్రం ఆ హాలులోని గోడలమీద కూడా లేదు.

పేర్ల జాబితా చదువుతూ పోతే ఒకచోట మన కన్ను ఆగుతుంది: చార్లెస్ చెల్లప్ప. దక్షిణాది పేరు. సింగపూరు నుంచి వచ్చి అసోసియేటెడ్ ప్రెస్‌కు బొమ్మలు తీసి ఇచ్చేవాడు. 1966లో పోయాడు. మారియమ్మ గుడి ఉన్న ఊళ్ళోనే అతడూ తిరిగి ఉంటాడు.

హుయిన్ థాన్ మీ అనే వియత్నాం యువకుడు 1965లో మెకాంగ్ డెల్టాలో పోయాడు. కుటుంబం గడవడానికి అతని తమ్ముడు అదే ఆఫీసులో చేరాడు. అన్న మోసిన కెమేరానే తమ్ముడు భుజాన వేసుకున్నాడు. ఫ్రెంచివాడైన మిషెల్ లోరాన్ 1971లో ఢాకాలో ఫాస్‌తో కలిసి బొమ్మలు తీశాడు. 1972లో ఇద్దరికీ కలిపి పులిట్జర్ బహుమతి ఇచ్చారు. అతడు 1975 ఏప్రిల్ 28న సైగాన్ దగ్గర కాల్పులలో పోయాడు. ఇంకో రెండు రోజులు ఆగితే యుద్ధమే ముగిసేది. ఇరవై ఏళ్ళు గడిచాక ఫాస్ తన బహుమతిలో పాలివాడి బొమ్మలు ఎన్నిక చేయడానికి కూర్చోవలసి వచ్చింది. పేజ్‌దీ ఇటువంటి బాధే. అతని ప్రాణస్నేహితుడు షాన్ ఫ్లిన్, సినిమానటుడు ఎరల్ ఫ్లిన్ కొడుకు. 1970 ఏప్రిల్ 6న డేనా స్టోన్ అనే తోటివాడితో మోటారు సైకిళ్ళమీద కాంబోడియా రోడ్డున వెళ్ళి ఇద్దరూ మళ్ళీ కనబడలేదు. పేజ్ దశాబ్దాలపాటు ఆ దారి వెంబడి ఊరూరా అడుగుతూ తిరిగాడు. ఏమీ తేలలేదు.

ఉత్తరాదివారి కథ వేరు. వారికి హెలికాప్టరు లేదు, జీతం పేరుకే, ఫిల్ము బహు అపురూపం. అడవిలో కొండదారుల వెంట నెలలతరబడి నడిచి యుద్ధరంగం చేరేవారు. ఒక్కొక్క బొమ్మా ఆలోచించి ఆలోచించి తీసేవారు. చీకటి గది ఎక్కడిది? రాత్రివేళ ఆకాశం క్రిందనే, వాగునీళ్ళతో ఫిల్ము కడిగేవారు. ఆ ఫిల్ములు మళ్ళీ మనుషుల చేతులమీదుగానే హనోయ్ చేరాలి. దారిలో బాంబులకు కొన్ని, వానకు కొన్ని, బూజుకు కొన్ని పోయేవి. బొమ్మతోబాటు తీసినవాడూ పోయేవాడు. లువాంగ్ ఙియా జూంగ్ అనే ఫోటోగ్రాఫరు 1972లో క్వాంగ్ ట్రీ యుద్ధరంగంలో పోయాడు. అతని బొమ్మలు దక్కాయి. దక్కనివారు ఎందరో! వియత్నాం వార్తాసంస్థ ఒక్కటే 260 మందికి పైగా తన మనుషులను ఈ యుద్ధాలలో పోగొట్టుకున్నది.

వియత్నాం ఇండ్లలో పితృదేవతలకు ఒక పీఠం ఉంటుంది. దానిమీద పోయినవారి ఫోటో, ముందు అగరువత్తులు, పళ్ళు. మన గోడలమీద దండ వేసిన పటాలవంటివే. లక్షలాది ఇండ్లలో ఆ పీఠం మీద ఫోటో ఉన్నది గాని సమాధిలో మనిషి లేడు. దేహం దొరకనివారికి మనవాళ్ళు దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. చేయవలసినది చేశామన్న తృప్తి బ్రతికున్నవారికి కావాలి. ఫాస్, పేజ్‌లు చేసినది ఇంచుమించు అదే.

దేహం సంగతి ఎత్తినందుకు ఒక హెలికాప్టరు కథ చెప్పి తీరాలి. 1971 ఫిబ్రవరి 10న దక్షిణ వియత్నాం సైన్యపు హెలికాప్టరు ఒకటి దారితప్పి లావోస్ కొండలమీద కూలింది. పదకొండుమంది పోయారు. అందులో ఐదుగురు ఫోటోగ్రాఫర్లు. లైఫ్ పత్రిక తరపున లారీ బరోస్, అసోసియేటెడ్ ప్రెస్ నుంచి యుయే, యునైటెడ్ ప్రెస్ నుంచి ఇరవైమూడేళ్ళ కెంట్ పాటర్, న్యూస్‌వీక్ కోసం పనిచేస్తున్న జపానువాడు కెయిసబురో షిమమోటో - ఈ నలుగురి పేర్లూ లోకమంతా మారుమ్రోగాయి. ఐదవవాడు తూ వూ, దక్షిణ వియత్నాం సైన్యంలో ఫోటోలు తీసే సార్జెంటు. అతని పేరు ఎవరూ చెప్పుకోలేదు. పోటీ పత్రికలవారు, నాలుగు దేశాలవారు, కడసారి ఒకే బండి ఎక్కారు.

1998లో అమెరికా సైన్యపు గాలింపు బృందం ఆ కొండచరియ త్రవ్వింది. ఫాస్ కూడా వెళ్ళాడు. అరవై దాటిన వయస్సు, దెబ్బతిన్న కాళ్ళు. దొరికినవి కెమేరాల విడిభాగాలు, ఫిల్ము ముక్కలు, ఎవరివో చెప్పలేనంత చిన్న ఎముకలు. 2008లో ఆ కొద్దిపాటి అవశేషాలను వాషింగ్టన్‌లో అందరివీ కలిపి ఒకేచోట నిక్షేపించారు. విడదీయడానికి వీలులేదు గనుక, తూ వూకు కూడా ఆ నలుగురితో సమానంగా చోటు దక్కింది.

పుస్తకం వెలువడిన తరువాత ఆ చిత్రాలు ప్రదర్శనగా రూపొందాయి. అమెరికాలోని కెంటకీ రాష్ట్ర ప్రజల తరపున ఆ ప్రదర్శనను వియత్నాం ప్రజలకు కానుకగా ఇచ్చారు. 2000 సంవత్సరంలో, యుద్ధం ముగిసి పాతికేళ్ళయిన సందర్భంలో, అది ఈ మ్యూజియంలో చేరింది. ఇచ్చినవారు ఓడినవారు, పుచ్చుకున్నవారు గెలిచినవారు. ఒకప్పుడు నేరాల గృహమని పేరు పెట్టుకున్న చోటునే, శత్రుపక్షంతో వచ్చి చనిపోయినవారి పేర్లు తమవారి పేర్ల సరసన వ్రాయడానికి వారికి మనస్కరించింది. దీన్ని చిన్న సంగతి అనడానికి వీలులేదు. క్రింది అంతస్తులలో యుద్ధం ఇంకా సాగుతూనే ఉన్నట్లుంటుంది. ఈ ఒక్క హాలులో మాత్రం ముగిసినట్లుంటుంది.

ఫాస్ 2005లో పాత మిత్రుల కలయిక కోసం మళ్ళీ వియత్నాం వచ్చి, హనోయ్‌లో జబ్బుపడ్డాడు. నడుము క్రింది భాగం చచ్చుబడింది. 2012లో పోయాడు. ఆస్ట్రేలియాలో స్థిరపడిన పేజ్ 2022లో పోయాడు. పుస్తకంలో వారికి చోటు లేదు, ఎందుచేతనంటే వారు యుద్ధంలో పోలేదు. ఆ నియమం పెట్టుకున్నది వారే.

ఈ మ్యూజియానికి వెళ్ళేవారు పొద్దున్నే వెళ్ళడం మంచిది. మధ్యాహ్నానికి జనం క్రిక్కిరిసిపోతారు. చిన్నపిల్లలుంటే క్రింది అంతస్తులలో విషవాయువుల, రసాయనాల బొమ్మలున్న గదులు తప్పించడం మేలు. కాళ్ళు లాగకముందే పై అంతస్తుకు వెళ్ళి, బొమ్మలతోబాటు వాటి క్రింది పేర్లు కూడా చదవండి. వెళ్ళలేనివారు ఇంట్లో కూర్చునే చేయగల పని ఒకటున్నది. ఏ దినపత్రికలోనైనా యుద్ధం బొమ్మ, వరద బొమ్మ కనబడితే, దాని అంచున సన్న అక్షరాలలో ఒక పేరుంటుంది. మనం ఎప్పుడూ చదవం. పేజీ తిప్పేముందు ఆ పేరు ఒక్కసారి చదివి తిప్పండి.